రాచకొండ నుంచి ఉమామహేశ్వరం దాకా నడక బాట: రంగు పూయకముందు చేయవలసిన పనులు

దేవరకొండ ప్రాంతానికి చెందిన ఒక యువజన సంఘం మిత్రులు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. రాచకొండ కోట దగ్గర మొదలై మర్రిగూడ, నాంపల్లి, దేవరకొండ, డిండి మీదుగా అచ్చంపేట దాటి ఉమామహేశ్వరం వరకు సుమారు నూట యాభై కిలోమీటర్ల నడక బాటను స్వచ్ఛందంగా తయారుచేయాలని వారి సంకల్పం. సంఘంలో నలభై మంది ఉన్నారు. వచ్చే సంక్రాంతి నాటికి బాట పొడవునా రంగు గుర్తులు వేసి, ప్రజాప్రతినిధులతో ప్రారంభోత్సవం చేయించి, మరుసటి ఏడు దాన్ని నల్లమల గుండా శ్రీశైలం దాకా పొడిగించాలని అనుకుంటున్నారు. ప్రభుత్వ నిధులు ఎలా తెచ్చుకోవాలో చెప్పమన్నారు. భూముల సర్వే శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందిన తరువాత, కొండబాటలు బాగుచేసే బృందాలతో కలిసి తిరుగుతున్న వాడిగా నాకు తెలిసినంతలో వివరంగా రాస్తున్నాను.

మీరు ఎంచుకున్న దారి చాలా మంచిది. రాచకొండ, దేవరకొండ రెండూ రేచర్ల పద్మనాయకులు ఏలిన దుర్గాలు. శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం ద్వారాలైతే, ఉత్తర ద్వారం ఉమామహేశ్వరం. గుండ్ల గుట్టలు, గొలుసుకట్టు చెరువులు, చెల్క (మెట్ట) భూములు, తండాలు, చివరికి నల్లమల అంచు, ఇవన్నీ ఒకే నడకలో చూపించగల దారి దక్షిణ తెలంగాణలో ఇంతకంటే మంచిది నాకు కనిపించడం లేదు. అయితే మీ పనుల వరుస మార్చుకోవాలి. నిధులు, రంగు, ప్రారంభోత్సవం అన్న క్రమంలో ఆలోచిస్తున్నారు. బాట నిలబడేది దాని మీద నడిచే హక్కు వల్ల, ప్రతి ఊరిలో దాన్ని తమదిగా చూసుకునే నలుగురు మనుషుల వల్ల. ఆ రెండూ కుదిరిన ముక్కకే గుర్తులు వేయండి. కుదరని ముక్కను పటం మీద ఖాళీగా వదిలేయండి.

ప్రపంచంలో పేరున్న దూరపు బాటల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. అమెరికాలోని అపలేచియన్ బాటను 1921లో బెంటన్ మెకే ప్రతిపాదించారు. నడక సంఘాల వారు ముక్కలు ముక్కలుగా కలుపుకుంటూ పోయి 1937 నాటికి ఒక కొస నుంచి మరొక కొసకు చేర్చారు. పద్నాలుగు రాష్ట్రాల గుండా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే ఆ బాటను ఇప్పటికీ ప్రధానంగా స్థానిక సంఘాల స్వచ్ఛంద కార్యకర్తలే, ఎవరి ముక్క వారు పంచుకొని, చూసుకుంటున్నారు. కానీ మొదటి దశాబ్దాలలో దాని భాగాలు చాలా వరకు ప్రైవేటు భూముల మీద యజమానుల నోటిమాటతో సాగేవి. భూమి చేతులు మారినప్పుడల్లా బాటను వాహనాల రోడ్ల మీదికి మళ్లించవలసి వచ్చేది. 1968లో జాతీయ బాటల చట్టం వచ్చి, ఆ తరువాత భూసేకరణ జరిగితే గాని ఆ సమస్య ఒక దారికి రాలేదు. ఇంగ్లండులోని పెన్నైన్ బాట గురించి టామ్ స్టీఫెన్‌సన్ పత్రికలో రాసింది 1935లో, బాట తెరిచింది 1965లో. ఆ ముప్పై ఏళ్లలో పెద్ద భాగం నడిచే హక్కు కోసం పోరాడటానికే పోయింది. మన పరిస్థితికి దగ్గరగా ఉన్న ఉదాహరణ కావాలంటే దక్షిణ కొరియాలోని జేజు ద్వీపాన్ని చూడండి. సు మ్యోంగ్-సుక్ అనే మాజీ పాత్రికేయురాలు 2007లో అక్కడ ఓల్లే బాటలు మొదలుపెట్టారు. అవి ఊళ్ల మధ్య నుంచి, పొలాల పక్క నుంచి, సముద్రపు ఒడ్డు నుంచి పోతాయి. గుర్తులుగా ఎక్కువ చోట్ల కట్టేది నీలం, నారింజ రంగుల రిబ్బన్లు మాత్రమే. ఒక్కొక్క ముక్క ఒక రోజు నడకకు సరిపడేటట్లు విడివిడిగా తెరుస్తూ పోవడం వల్ల నాలుగు వందల కిలోమీటర్లు దాటింది. మీకు ఆదర్శం కావలసింది ఈ పద్ధతి.

ఇక మన నేల సంగతి. మీరు ఉపగ్రహ చిత్రం మీద గీత గీసి పంపారు. దాన్ని పక్కన పెట్టి, మొదట ఊరి నక్షాలు, అంటే సర్వే నంబర్ల హద్దులు చూపే పటాలు, తెప్పించుకోండి. ప్రతి రెవెన్యూ గ్రామానికి నక్షా ఉంటుంది. జిల్లా సర్వే కార్యాలయంలో దరఖాస్తు చేసి నకలు తీసుకోవచ్చు. అందులో బండ్ల బాటలు, కాలిబాటలు గీతలుగా కనిపిస్తాయి. రైతులు నక్ష బాట అనేది వాటినే. నక్షాలో ఉన్న బాట మీద నడిచే హక్కు సాధారణంగా ఊరందరిదీ. మూడు నాలుగు తరాల నుంచి ఎవరూ బండి తోలకపోవడం వల్ల వాటిలో చాలా బాటలు పక్క చెలకల్లో కలిసిపోయాయి. కొన్నిచోట్ల రాతి కడీలు పాతి ముళ్ల తీగ లాగారు. కొన్నిచోట్ల ఫామ్ ప్లాట్ల వెంచర్లు వచ్చాయి. రాచకొండ నుంచి మర్రిగూడ వరకు, హైదరాబాదుకు దగ్గర కావడం వల్ల, ఈ చివరి రకం ఎక్కువ. నక్షాలతో పాటు సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు పటాలు కూడా దించుకోండి. ఓపెన్ సిరీస్ పటాలు వారి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. నక్షాలో ఊరి హద్దు దగ్గర ఆగిపోయిన బాట పక్క ఊరిలో ఎక్కడ కలుస్తుందో వాటిలో తెలుస్తుంది.

ఈ పటాలు పట్టుకొని ఊరికి పోయినప్పుడు మొదట సర్పంచి దగ్గరికి కాకుండా, గొర్రెల కాపరుల దగ్గరికి, చెరువు తూము చూసే నీరటి దగ్గరికి, గీత కార్మికుల దగ్గరికి వెళ్లండి. రోజూ కాలినడకన తిరిగేది వాళ్లే. ఏ వాగు ఏ నెలలో దాటవచ్చో, ఏ ఒర్రెలో (చిన్న వాగులో) నీళ్లు సంక్రాంతి దాకా నిలుస్తాయో, ఏ గుట్ట చరియకు పెద్ద తేనెపట్లు పడతాయో వాళ్లకు తెలిసినంతగా ఏ పటానికీ తెలియదు. వాళ్లు చూపించిన దారి, నక్షాలో ఉన్న దారి ఒక్కటైన చోట మీ పని సగం పూర్తయినట్లే. ఒక్కటి కాని చోట గొడవకు దిగవద్దు. ఆక్రమణ తొలగించమని తహసీల్దారుకు ఫిర్యాదు చేస్తే చట్టం మీ వైపే ఉండవచ్చు గాని, ఆ రైతు, అతని బంధుబలగం జీవితాంతం మీ బాటకు విరోధులవుతారు. అక్కడ తాత్కాలికంగా తారు రోడ్డు మీద ఒక కిలోమీటరు నడిపించినా నష్టం లేదు. ఊరికి బాట మీద ప్రేమ కలిగిన తరువాత ఆ ముక్క ఊరే తెరిపిస్తుంది.

పట్టా భూముల మీదుగా పోక తప్పని చోట రైతు ఏమి కోల్పోతాడో లెక్క వేసి చూడండి. ఒక మీటరు వెడల్పు బాట చెలక అంచున రెండు వందల మీటర్లు పోతే అది రెండు వందల చదరపు మీటర్లు, అంటే సుమారు రెండు గుంటలు. ఎకరం ఎంత పలుకుతుందో మీకు తెలుసు. అందువల్ల రైతును భూమి అడగకూడదు, గెట్టు (చేల మధ్య హద్దు గట్టు) మీద నడవడానికి సమ్మతి అడగాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, బయటి వాళ్లకు అర్థం కాదు. మన ఊళ్లలో సగం తగాదాలు గెట్టు పంచాయితీలే. గెట్టుకు ఇరువైపులా ఉన్న ఇద్దరు రైతులలో ఒకరు మీకు ఒప్పుదల ఇచ్చి, మీరు ఆ గెట్టు మీద రాయి పాతి గుర్తు వేశారంటే, రెండవ రైతు కంటికి అది హద్దు రాయిలా కనిపిస్తుంది. రేపు కోర్టులో అది సాక్ష్యమవుతుందని భయపడతాడు. రాత్రికి రాత్రి ఆ రాయి మాయమవుతుంది. కాబట్టి గెట్టు మీద ఎప్పుడూ ఇద్దరి సమ్మతీ ఒకే కాగితం మీద తీసుకోండి. అందులో మూడు మాటలు స్పష్టంగా ఉండాలి: బాట గుర్తుకు భూమి హద్దుతో సంబంధం లేదు, ఎన్నేళ్లు నడిచినా సంఘానికి గాని నడిచేవారికి గాని దారి హక్కు పుట్టదు, రైతు కోరితే ఒక పంట కాలం ముందు తెలియజేసి బాటను మళ్లించవచ్చు. ఈ మూడవ మాట రాస్తే బాట బలహీనపడుతుందని మీకు అనిపించవచ్చు. నేను చూసినంతలో, వెనక్కి తీసుకునే హక్కు చేతిలో ఉన్న రైతు దాన్ని వాడడం అరుదు. అది లేదనుకున్న రైతు మొదటి రోజే ముళ్లకంప అడ్డం వేస్తాడు.

ఆ తరువాత గ్రామసభ. ఊరి పేరు, బాట పోయే సర్వే నంబర్లు, నక్ష బాట ఎంత, సమ్మతి మీద పోయేది ఎంత, చూసుకునే బాధ్యత ఎవరిది, ఇంత వివరంతో తీర్మానం రాయించి పంచాయతీ రిజిస్టరులో నమోదు చేయించండి. నకలు తహసీల్దారుకు, ఎంపీడీఓకు ఇవ్వండి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన తరువాత మీ దారి యాదాద్రి భువనగిరి, నల్గొండ, నాగర్‌కర్నూల్ అనే మూడు జిల్లాలలో పడుతుంది. ముగ్గురు కలెక్టర్లు ఒకేసారి ఒకే మాట మీదికి రావడం కోసం ఎదురుచూస్తే ఏళ్లు గడుస్తాయి. ఒక్క మండలంలో ఐదారు గ్రామాల తీర్మానాలు చేతిలో పెట్టుకొని వెళితే ఏ కార్యాలయంలోనైనా మీ మాటకు విలువ ఉంటుంది. ప్రభుత్వాన్ని డబ్బు అడగవద్దన్నది నా గట్టి అభిప్రాయం. నిధులు వచ్చిన చోట స్వాగత తోరణం, సిమెంటు మెట్లు, శిలాఫలకం వస్తాయి. ఏడాది తిరిగే సరికి కంప పెరిగిన బాటను నరికించే పద్దు మాత్రం ఎక్కడా ఉండదు. ప్రభుత్వాన్ని అడగవలసింది నక్ష బాటల హద్దులు కొలిచి ఇమ్మని, కోట గుట్టల మీద నడవడానికి పురావస్తు శాఖ నుంచి లిఖితపూర్వక అనుమతి ఇప్పించమని, రోడ్డు దాటే చోట్ల సూచిక బోర్డులు పెట్టమని.

శ్రీశైలం దాకా పొడిగించాలన్న కోరిక విషయంలో మాత్రం నిర్మొహమాటంగా చెబుతాను: ఆ ఆలోచన విరమించుకోండి. ఉమామహేశ్వరం దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉన్న ఆ అడవిలో అధిక భాగం కోర్ ప్రాంతం, అంటే పులుల కోసం గట్టిగా కాపాడే లోపలి అడవి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అనుమతి పత్రం లేకుండా అభయారణ్యంలో అడుగు పెట్టకూడదు. వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబరు వరకు, సందర్శకులకు మూసే ఉంచుతారు. నల్లమల లోపలి సలేశ్వరం జాతరకు వేల మంది నడిచి పోతున్నారు కదా అని మీరు రాశారు. చైత్ర పౌర్ణమికి ఏడాదికొకసారి, కొద్ది రోజులు, తరతరాలుగా చెంచులు నిర్వహించుకుంటూ వస్తున్న యాత్ర అది. ఏడాది పొడవునా సెలవు రోజుల్లో వచ్చే నడకదారులకు తెరిచే బాట దానితో సమానం కాదు. అడవిలో మనిషి అలికిడికి పులి, ఎలుగుబంటి తమ దారులు మార్చుకొని పొలాల వైపు వస్తే, నష్టపోయేది మన్ననూరు చుట్టుపక్కల చెంచులూ, లంబాడీలూ. దేవరకొండ దిగువన చందంపేట వైపు కూడా అభయారణ్యపు అడవి ఉంది. దారి ఆ వైపు జరగకుండా జాగ్రత్తపడండి. రాచకొండ చుట్టూ ఉన్నది రిజర్వు అడవి. అక్కడ ఇప్పటికే ఉన్న బాట మీదనే, డివిజన్ అటవీ అధికారి రాతపూర్వక అనుమతితో, వన సంరక్షణ సమితి ఉన్న ఊళ్లలో ఆ సమితి సభ్యులను వెంట పెట్టుకొని నడవండి. కొత్త కట్టడం ఏదీ అడగకపోతే అనుమతి సులువవుతుంది. ఫిబ్రవరి నుంచి అడవికి అగ్గి భయం మొదలవుతుంది కాబట్టి ఆ ముక్కలో పొయ్యి వెలిగించడం పూర్తిగా నిషేధించండి.

దారి మధ్యభాగంలో రెండు స్థానిక విషయాలు మీ ప్రణాళికలో కనిపించలేదు. మొదటిది డిండి ఎత్తిపోతల పథకం. శివన్నగూడెం, కిష్టరాయినిపల్లి, గొట్టిముక్కల జలాశయాల కింద ముంపు భూములు, కట్టలు, కాలువలు మీరు గీసిన గీతకు దగ్గరలో ఉన్నాయి. పాత నక్షాలో ఉన్న బాట నీటిపారుదల శాఖ పటంలో కట్ట కిందికి పోయి ఉండవచ్చు. ఆ శాఖ ఇంజినీర్ల దగ్గర ముంపు పటం చూడకుండా ఆ మండలాలలో ఒక్క రాయి కూడా పాతవద్దు.

రెండవది నీళ్లు. మర్రిగూడ, నాంపల్లి ప్రాంతం భూగర్భ జలంలోని ఫ్లోరైడు వల్ల ఎంత బాధ అనుభవించిందో మీకు నేను చెప్పనక్కరలేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదు. ఈ ప్రాంతపు బోర్లలో చాలా వాటిలో అంతకు మించి ఉండేది. ఒక పూట తాగినంత మాత్రాన నడకదారుకు ఫ్లోరోసిస్ రాదు. అయినా పొలం బోరు పక్కన, చేతిపంపు పక్కన మీ సంఘం పేరుతో ‘తాగునీరు’ అని బోర్డు పెట్టవద్దు. ఆ బోర్డు చూసి బడి పిల్లలు కూడా అక్కడే తాగుతారు. మిషన్ భగీరథ నల్లా ఉన్న బడి, పంచాయతీ కార్యాలయం, గుడి, ఇవే మీ నీటి మజిలీలు కావాలి. నడిచే మనిషికి మన ఎండలో, చలికాలంలో సైతం, రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి కాబట్టి ఎనిమిది కిలోమీటర్లకు ఒక నీటి చోటు తప్పనిసరి అనుకోండి. చలివేంద్రం పెట్టడం మన ఊళ్లకు కొత్త కాదు. యువజన సంఘాలు, కుల సంఘాలు ఎండాకాలంలో ఎలాగూ పెడుతున్నాయి. ఆ అలవాటునే నడక కాలానికి కూడా జరపమని అడిగితే ఎవరూ కాదనరు.

బాట పని గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఉత్సాహం ఉన్న బృందాలు ఎక్కువగా వృథా చేసేది ఈ శ్రమనే. చదునైన చెలకలో చేయవలసింది పెద్దగా లేదు, కంప కొట్టడం, వయ్యారిభామ పీకడం అంతే. వయ్యారిభామ వల్ల దురద, ఆయాసం వచ్చేవారు ఉంటారు కనుక చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా ఎవరినీ దించకండి. గుట్ట ఎక్కే చోట మాత్రం బాటకు అసలు శత్రువు నీళ్లు. నిట్టనిలువుగా గుట్ట మీదికి దారి తీస్తే, రెండు వానలకు ఆ దారే ఒర్రె అవుతుంది. మట్టి కొట్టుకుపోయి గులకరాళ్లు తేలతాయి. జనం జారిపడతామని పక్క నుంచి నడుస్తారు, ఆ పక్కన ఇంకొక ఒర్రె పడుతుంది. అందుకని గుట్టను అడ్డంగా చుడుతూ ఎక్కాలి. గుట్ట వాలులో సగానికి మించి బాట వాలు ఉండకూడదు. మొత్తం మీద పది అడుగులు నడిస్తే ఒక అడుగు ఎక్కేటట్లు ఉంటే వృద్ధులు కూడా ఎక్కగలరు. బాట ఉపరితలాన్ని లోయ వైపు కొద్దిగా వంచితే పై నుంచి వచ్చిన నీళ్లు బాట వెంట పరుగెత్తకుండా అడ్డంగా దాటిపోతాయి.

వాలు తప్పని చోట రాతి అడ్డుకట్టలు వేయాలి. దేవరకొండ గుట్ట కింద ఒక వడ్డెర మేస్త్రి ఈ పని చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. గడ్డపారతో బాటకు అడ్డంగా, సుమారు నలభై ఐదు డిగ్రీల కోణంలో కందకం తీశాడు. మన పిల్లలు అందులో పెట్టడానికి చదునైన అందమైన రాళ్లు ఏరి తెచ్చారు. ఆయన వాటిని పక్కన పడేసి, అడుగు వెడల్పుగా, పైన సన్నగా ఉన్న మొరటు బండలను ఎంచుకున్నాడు. ఒక్కొక్క బండలో మూడింట రెండు వంతులు నేలలోకి దించి, కింద చిన్న రాళ్లు కుక్కి, సమ్మెట వెనుకతో తట్టి, పైన ఎక్కి రెండు కాళ్లతో ఊగాడు. కదిలితే మళ్లీ తీసి మళ్లీ పెట్టాడు. ‘మనిషి బరువుకు కదిలిన బండ వరదకు ఆగుతదా సార్’ అన్నాడు. కట్ట కింది కొసన నీళ్లు బాట దాటి పోవడానికి మూడు నాలుగు అడుగుల పొడవున చిన్న కాలువ తీసి, దాని నోట్లో గులకరాళ్లు పరిచాడు. ఆ కాలువ పూడితే కట్ట పనిచేయదు. మీ సంఘం ప్రతి ఏడూ మృగశిర కార్తెకు ముందు ఒక్క రోజు తిరిగి ఈ కాలువల పూడిక తీస్తే చాలు, బాట పదేళ్లు నిలుస్తుంది. ఇలాంటి మేస్త్రీలను శ్రమదానం చేయమని అడగవద్దు. వారికి రోజు కూలి పూర్తిగా ఇచ్చి, వారి దగ్గర మీ స్వచ్ఛంద కార్యకర్తలకు పని నేర్పించండి. మీరు సేకరించే డబ్బులో మొదటి వాటా వారిది కావాలి.

గుర్తుల విషయానికి వస్తే, రంగు కంటే చెక్కిన రాయి మేలు. కంచెలకు వాడే కడీలు మన దగ్గర అంతటా దొరుకుతాయి. ఐదడుగుల కడీని రెండడుగులు పాతి, పైన బాణం గుర్తు చెక్కిస్తే రంగు వెలిసినా గుర్తు పోదు. దారి చీలే చోట, వాగు దాటిన అవతలి ఒడ్డున, ఊరిలోకి ప్రవేశించే చోట ఉంటే చాలు. వంద మీటర్లకొకటి అక్కరలేదు. రంగు వాడక తప్పని గుండ్ల మీద తెలుపు వాడండి. గులాబీ, కాషాయం, ఎరుపు, పసుపు, మూడు రంగులు, వీటిలో ఏది వేసినా మన ఊళ్లలో అది ఒక పార్టీ గుర్తుగా కనిపిస్తుంది, ఎన్నికల సమయంలో చెరిపేస్తారు. అటవీ సరిహద్దు దిమ్మెల మీద, సర్వే రాళ్ల మీద, బొడ్రాయి మీద, వీరగల్లుల మీద, కోట గోడల మీద చుక్క రంగు కూడా పడకూడదు. నల్గొండ జిల్లాలో గుట్టల పక్కన గుండ్రంగా పేర్చిన రాళ్లు కనిపిస్తే అవి బృహత్ శిలాయుగపు సమాధులు అయి ఉండవచ్చు. వాటి రాళ్లు పీకి బాటకు వాడిన బృందాలు ఉన్నాయి. అలా చేయవద్దని మీ పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

తిండి, బస ఊరి చేతిలో పెట్టండి. ఒక తండాలో మహిళా సంఘం సమావేశానికి వెళ్లి బాట గొప్పతనం గురించి మేము చెబుతూ ఉంటే, చివరలో ఒక అక్క లేచి, ‘ఎంతమంది వస్తరు, ముందురోజు చెప్తరా, చెప్పి రాకుంటే వండిన బువ్వ పైసలు ఎవలిస్తరు?’ అని అడిగింది. అంతకంటే సరైన ప్రశ్న ఆ సభలో ఎవరూ వేయలేదు. కాబట్టి ముందురోజు సాయంత్రంలోగా చెప్పాలి, సగం డబ్బు ముందే చెల్లించాలి, రాకపోతే ఆ డబ్బు మహిళా సంఘానికే అన్న నియమం పెట్టండి. జొన్నరొట్టె, పప్పు, పచ్చి పులుసు, ఏది వండినా ధర అన్ని ఊళ్లలో ఒకటే ఉంటే పోటీలు రావు. ఆదాయం వచ్చే ఇల్లు బాటకు కాపలా కాస్తుంది.

మీ నలభై మందిని నూట యాభై కిలోమీటర్ల మీద చల్లితే ఏ ముక్కా నిలవదు. ఒక ఊరికి ఐదారు కిలోమీటర్లు, ఆ ముక్కకు నలుగురు బాధ్యులు, వారి పేర్లు పంచాయతీ గోడ మీద, ఇదే లెక్క. నల్గొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లకు ఏడు రోజుల ప్రత్యేక శిబిరాలు ఉంటాయి. పెద్ద పనులను ఆ శిబిరాలకు సరిపడేటట్లు ముందే కొలిచి పెట్టుకుంటే ఎంతో బలం. విద్యార్థులు ఏటా మారిపోతారు కాబట్టి పనిముట్ల జాబితా, అడ్డుకట్టల లెక్క, సమ్మతి పత్రాల ఫైలు ఊరిలోనే ఉండాలి. సంఘాన్ని సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించి, జమాఖర్చులు ఏటా గ్రామసభలో చదివి వినిపించండి. తరువాత కంపెనీల సామాజిక బాధ్యతా నిధులు అడగాలనుకున్నా ఈ లెక్కలే పనికివస్తాయి.

భద్రత గురించి ఒక్క విషయం అన్నిటికంటే ముఖ్యం. అడవి పందుల కోసం చేల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు పెట్టడం మన ప్రాంతంలో ఉంది, దానివల్ల మనుషులు చనిపోతున్నారు. తెల్లవారక ముందు, పొద్దు గుంకిన తరువాత ఎవరూ బాట మీద ఉండకూడదన్న నియమం రాతపూర్వకంగా పెట్టి, ఏ మినహాయింపూ లేకుండా పాటించండి. గట్టు లేని వ్యవసాయ బావి బాటకు ఇరవై అడుగుల లోపల ఉంటే బాటను జరపండి. పత్తికి మందు కొట్టే రోజుల్లో ఆ చేల పక్క నుంచి నడిపించవద్దు. పాము కాటుకు దేవరకొండ, అచ్చంపేట ఏరియా ఆసుపత్రులే దగ్గర కాబట్టి, ప్రతి ముక్క నుంచి వాహనం అందే చోటు ఎక్కడో పటంలో గుర్తించండి. మార్చి నుంచి తొలకరి దాకా బాటను మూసివేయండి.

సంక్రాంతి గడువు వదిలేసి, దేవరకొండ కోట నుంచి డిండి జలాశయం వరకు ఉన్న ముక్కతో మొదలుపెట్టమని నా సలహా. కోట మీ ఊరిలోనే ఉంది, మనుషులు మీకు తెలుసు. రెండు రోజుల నడక కాబట్టి మధ్యలో ఒక తండాలో బస ఏర్పాటు ఎలా నడుస్తుందో తెలుస్తుంది. సీతాఫలాల కాలం, అంటే దసరా తరువాత, నడవడానికి అన్నిటికంటే మంచి సమయం. ఈ వారమే చేయగల పని ఒకటుంది. ఆ దారిలో పడే రెవెన్యూ గ్రామాల పేర్లు వరుసగా రాసి, నక్షాల నకళ్ల కోసం నల్గొండ సర్వే కార్యాలయంలో ఒకే దరఖాస్తు పెట్టండి. నకళ్లు చేతికి వచ్చిన తరువాత, నక్ష బాటలు, పట్టా గెట్లు వేరువేరు రంగులతో గుర్తించి నాకు పంపితే, ఏ గెట్టు దగ్గర ఎవరెవరి సమ్మతి కావాలో, ఎక్కడ బాటను మళ్లించడం మేలో ఒక్కొక్క ఊరూ చూసి చెబుతాను.